నేల లోపలిది

నేను పనిచేసే కాలేజీలో, ఎండబెట్టిన శెనక్కాయ మొక్క కింద ‘అరాకిస్ హైపోజియా’ అని చీటీ అతికించినాను. ఏటా ఇదే పని, విసుగొస్తాది. కానీ ఆ మట్టివాసన తగిలి చెయ్యి ఆగింది.

ఆ పేరు మొదట మా అక్క దగ్గర విన్నాను. “గ్రీకు నుంచి లాటిన్‌లోకొచ్చిన విశేషణం. నేల లోపలిది అని అర్థం. పుంలింగమైతే హైపోజియస్, స్త్రీలింగమైతే హైపోజియా, నపుంసకమైతే హైపోజియం” అని పరీక్షకు వల్లె వేసేది. మూడో తరగతిలో ఉన్న నేను అది మంత్రమనుకున్నాను.

ఆ ఏడు మా శెనక్కాయ చేనికి పూత వచ్చినాక వాన లేదు. నేలలోకి దిగి కాయలు కావాల్సిన ఊడలు గట్టిపడిన మట్టిమీదే ఎండిపోతాండాయి. నేను మేకుతో గుంతలు చేసి, ఆ మూడు మాటలూ చెబుతా ఒక్కో ఊడనూ లోపలికి దూర్చినాను. నాయన వచ్చినాడు.

“ఏం చేస్తాండావు పాపా?”

“కాయలు కాయిస్తాండా నాయనా.”

తిడతాడనుకున్నా. నా పక్కనే కూలబడినాడు. “ఏదీ, ఆ మాట మళ్లా చెప్పు” అన్నాడు.

ఎండిన నేలలో ఊడ గుచ్చితే కాయ రాదని ఆయనకు తెలియదా! అయినా సాలు చివరిదాకా నాతోపాటు గుచ్చుతానే వచ్చినాడు.