మా బావ గొంతు పోయింది సారా వల్ల కాదు

ఆ ఆదివారం ఆరాధనలో మా బావ దేవదానం కీర్తన ఎత్తుకుని రెండో చరణం దగ్గర ఆగిపోయాడు. దగ్గాడు. మళ్లీ ఎత్తుకున్నాడు. గాలి తప్ప స్వరం రాలేదు. తిరువొత్తియూరులోని మా తెలుగు క్రైస్తవ సంఘానికి పాటంటే ఆయనే. ఆయన మొదలుపెడితేనే మిగతావాళ్లం అందుకునేవాళ్లం. ఆ రోజు ఆయన వెనక చాప మీద నేను కూర్చున్నాను. దగ్గినప్పుడు ఆయన నోటినుంచి పుల్లటి వాసన వచ్చింది.

మద్రాసులో మద్యనిషేధం ఉంది. అయినా సముద్రపుగట్టున దొంగసారా దొరుకుతుందని మా పేటలో అందరికీ తెలుసు. పొద్దున్నే ఎర్రటి కళ్లు, బొంగురు గొంతు, ఆ వాసన. నాకు వేరే ఆలోచన రాలేదు.

మధ్యాహ్నం మా అక్కాబావల ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు అడిగాను.

"గొంతుకేమైంది బావా?"

"ఎదలో మంటరా. పండుకుంటే పులిసిన నీళ్లు గొంతులోకి ఎగదన్నుతా ఉండాయి. నిద్ర లేదు."

"ఓస్, అంతేనా! నాకూ వస్తాది. క్రిస్మస్‌కి బిర్యానీ తిన్నప్పుడల్లా అదే కత. ఒక గోలీసోడా తాగితే తెల్లారేసరికి పోతాది."

"నాకు పోలేదురా" అన్నాడు బావ.

నేను నమ్మలేదు. ఎసిడిటీ అంటే ఏమిటో నాకు తెలుసనుకున్నాను. సోడాతో పోయే మంట మనిషి గొంతు తీసేస్తుందా? ఏదో దాస్తున్నాడు అనుకున్నాను. సంఘ పెద్దల్లో నేనూ ఒకణ్ణి. మేం కూడినప్పుడు, "బావ దగ్గర వాసన వస్తోంది" అన్నాను. బావ తాగుతుంటే ఎవరో చూసి చెప్పారని బయట కొందరు ఇప్పటికీ అనుకుంటున్నారు. ఎవరూ ఏమీ చూడలేదు. ఆ మాట అన్నది నేనే.

మా పాస్టరు అయ్యగారు బావను పిలిచి అడిగారు. తాగనన్నాడు. "సంగతి తేలేదాకా పాట వద్దులే" అన్నారు అయ్యగారు. బావ వాదించలేదు. తర్వాతి ఆదివారం నుంచి వెనక గోడ దగ్గర కూర్చున్నాడు. మా అక్క శాంతమ్మ మాత్రం నన్ను వాకిట్లోనే ఆపేసింది.

"ఈడ అన్నం తిని, ఆడ పోయి ఆ మాట చెప్పినావా? ఇంక నీకు గుక్కెడు మజ్జిగ కూడా పొయ్యను పో."

బావ ఫ్యాక్టరీలో ఫిట్టరు. రోజంతా యంత్రాల కిందికి వంగే పని. వంగితే చాలు, పులుపు నోట్లోకి వచ్చేదట. షిఫ్టు దిగి ఆలస్యంగా తిని వెంటనే పడుకునేవాడు. రోజూ సోడా ఉప్పు నీళ్లలో కలుపుకుని తాగేవాడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. అప్పట్లో నేను వాళ్లింటికి పోవడం మానేశాను.

వానలు మొదలయ్యాక అక్కే మా ఇంటికి వచ్చింది.

"ఒరే, మీ బావకి ఇడ్లీ ముక్క కూడా దిగడంలేదు. ఎదలో నిలబడిపోతా ఉంది. కోపాలు తర్వాత చూసుకుందాం, పెద్దాసుపత్రికి తోడు రా. డాక్టర్లు మాట్లాడే ఇంగ్లీషు నాకేం తెలుస్తాది?"

రైల్లో బావను చూసి భయం వేసింది. చొక్కా ఆయనది కానట్టుగా వేలాడుతోంది.

ఆసుపత్రిలో సున్నపు నీళ్లలాంటిది తాగించి ఎక్స్‌రే తీశారు. బేరియం మీల్ అన్నారు. డాక్టరు ఫిల్మును వెలుతురుకి ఎత్తి పట్టుకుని, తమిళంలో అడిగాడు.

"తాగుతావా?"

"లేదు సార్. కావాలంటే మా బామ్మర్దిని అడగండి. వాసన చూసి చెప్పేస్తాడు."

డాక్టరు నవ్వలేదు. "ఆ వాసన ఆసిడ్‌ది. కడుపులోది పైకి వస్తోంది. రిఫ్లక్స్. పడుకుంటే గొంతుదాకా వచ్చి దాన్నీ కాలుస్తుంది. కడుపు పైభాగం ఛాతీలోకి జరిగింది, హయేటస్ హెర్నియా అంటాం. ఈసోఫేగస్, అంటే అన్నవాహిక, పుండుపడి, మానిన చోట సన్నబడిపోయింది. దాన్ని స్ట్రిక్చర్ అంటాం. మంట ఎప్పట్నించి?"

"ఏండ్లబట్టి సార్. వారంలో నాలుగైదు రోజులు ఉంటాది."

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పినాను సార్" అన్నాడు బావ, నావైపు చూడకుండానే.

డైలటేషన్ అంటూ నోట్లోంచి రబ్బరు గొట్టాలు దించి దారి వెడల్పు చేశారు. ఆసిడ్‌ని తగ్గించే ఆల్కలైన్ పౌడర్, పాలు ఇచ్చారు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయమన్నారు. కొన్ని వారాలు మెత్తటి అన్నం దిగింది. మళ్లీ ఆగిపోయింది. రెండోసారి గొట్టం దించినప్పుడు రక్తం పడి, జ్వరం వచ్చి వార్డులో ఉండిపోయాడు. అక్కడ మొదటిసారి నా నోటితో ఒప్పుకున్నాను.

"బావా, పెద్దల దగ్గర ఆ మాట అన్నది నేనే."

"తెలుసురా. ఆ పొద్దు నా వెనకాల కూర్చున్నది నువ్వొక్కడివేగదా."

జారిన దుప్పటి ఆయన మీదికి లాగాను. ఆయనే మళ్లీ అన్నాడు: "సంఘంలో చెప్పు. నాకోసరం కాదు. మీ అక్క కుళాయి దగ్గర తలెత్తుకోని నిలబడాల."

ఆరాధన అయ్యాక లేచి నిలబడి చెప్పాను. అయ్యగారు ఆసుపత్రికి వచ్చి బావ చేతులు పట్టుకున్నారు. ఇల్లు చేరాక మళ్లీ పాడమని పిలిచారు. బావ ముందుకు వచ్చి నిలబడ్డాడు. కీర్తనలో మొదటి మాట కూడా పూర్తిగా పలకలేదు. స్వరతంత్రులు మందమైపోయాయని, ఇక పాట రాదని డాక్టరు ముందే చెప్పాడట. అయినా పిలిస్తే రాకపోవడం మర్యాద కాదని వచ్చాడు. వంగి పుస్తకం కింద పెట్టి, వెళ్లి గోడ దగ్గర కూర్చున్నాడు.

ఇప్పుడు చీకటి పడకముందే తింటాడు. బాగా నమిలి మింగుతాడు. వంగే పని మానిపించి స్టోరులో వేశారు. మాట్లాడితే గుసగుసలాగే ఉంటుంది. మా సంఘంలో పాట ఎవరో ఒకరు మొదలుపెడుతున్నారు, శ్రుతి కుదరదు. ఈమధ్య ఒక పెళ్లిలో, మా పేట విడిచి ఎప్పుడో వేరేచోటికి వెళ్లిన ఒకతను, "మీ బావ ఇంకా తాగతానే ఉండాడా?" అని అడిగాడు. నేను సంఘంలో చెప్పింది అతనిదాకా పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

విందు తిన్నరోజు వచ్చి మర్నాటికి పోయే మంట వేరు. వారంలో రెండు మూడుసార్లు వచ్చేది, వంగినా పడుకున్నా పులుపు పైకి తెచ్చేది, పొద్దున్నే గొంతు బొంగురు చేసేది వేరు. దానికి సోడా ఉప్పు మందు కాదు, డాక్టరు చూడాలి. ముద్ద దిగడం కష్టమైతే ఒక్కరోజు కూడా ఆగొద్దు. మీ ఇంట్లో ఎవరైనా మంటగా ఉందంటే మీకు వచ్చే మంటతో కొలవకండి. ఎన్నాళ్లుగా ఉందని అడగండి. ఆ ఆదివారం మా అక్క ఇంట్లో అన్నం ముందు కూర్చుని నేను అడగాల్సింది అదొక్కటే.