బ్రిటన్ అలిగి బయటికి పోయిన దినం

నేను సిద్దిపేటల డిగ్రీ సదివే దినాలల్ల బ్రిటన్ యూరప్ కూటమిని ఇడిచిపోతా అని లొల్లి చేస్తుండె. పోతమని ఓటేసిన్రు గని, ఎట్ల పోవాలెనో వాళ్లకే తెల్వకపాయె. టీవీల రోజూ అదే తమాష. మా పాలిటిక్స్ సారుకు ఏం బుద్ధి పుట్టిందో, ఆ చర్చలను మాతోని ఆడిపిస్తా అన్నడు. ఎట్ల మాట్లాడాలెనో నేర్పుతందుకు హైదరాబాద్ కెల్లి ఒక రిటైరైన ఆఫీసరును పిలిపిచ్చిండు. మండుటెండల కోటేసుకొని దిగిండాయన.

నన్ను యూరప్ చేసిన్రు. మా క్లాసుల అందరికన్న పెద్ద గొంతున్న పిలగాడు బ్రిటన్. లేవంగనే బల్ల గుద్దిండు.

"మేం పోతున్నం. మీ కానూన్లు మాకద్దు. కని మీ అంగట్ల ఎప్పటి లెక్కనే అమ్ముకుంటం."

ఆఫీసరు చప్పట్లు కొట్టిండు.

"ఐర్లాండ్‌ల మీ జాగ, మా జాగ ఆనుకొనే ఉన్నయి గదా. గాడ కంచె ఏస్తరా?" అనడిగిన.

"ఏయం."

"మరి అటిటు పోయే సరుకును ఎవలు చూడాలె, ఏడ చూడాలె?"

"గది తర్వాత మాట్లాడుకుందం."

నాకు ఒళ్లు మండింది. మాది వేములఘాట్. మల్లన్నసాగర్ డ్యాము కడుతున్నం, అండ్ల మీ ఊరు మునుగుతది, లేవుండ్రి అన్నప్పుడు మావోళ్లు నోరు తెరిచి అడిగిన మొదటి మాట, "పోయి ఏడుండాలె?" అని. తరుముతే పోయేటోళ్లకు ఉన్న సోయి, ఎగిరి దునికి పోతా అనేటోళ్లకు లేకపాయె.

ఆఫీసరు పిలగాని చెవుల ఊదిండు, మాకందరికీ ఇనవడేటట్టే. "లేచి బయటకు వెళ్లిపో. వాళ్లే వెంటపడి పిలుస్తారు."

పిలగాడు తలుపు ధనాల్న ఏసి పోయిండు. మేం పిలువలే. ఇంతట్ల బిర్యానీ వచ్చింది, వడ్డించుకున్నం. కిటికీల నుంచి చూస్తే వాని తలకాయ అటు పోతుంది, ఇటు వస్తుంది. మేం సగం తిన్నంక తలుపు సందుల నుంచి తొంగిచూసిండు.

"పిలుస్తలేరేంది?"

"నువ్వే పోయినవు గదా."

"బిర్యానీ ఉన్నదా?"

"ఉన్నది. ముందుగాల సరుకు ముచ్చట తేల్చు."

"మా రేవులనే చూసుకోండ్రి. సంతకం ఏడ పెట్టాలె?" అనుకుంట కూసున్నడు. ముక్క ఇడువలే.

ఇగ బహుమతులు. మొదటిది వానికే ఇచ్చిండు ఆఫీసరు, ధైర్యంగ లేచి నడిచినందుకట! నాకేమో "సహకారం" అని ఒక సర్టిఫికెట్.

"సార్, పోయి ఏం సాధించిండు?" అనడిగిన.

"నాయకత్వానికి ఫలితం ముఖ్యం కాదమ్మా. ఠీవి ముఖ్యం."

గంత చదివి, గన్ని కుర్చీలల్ల కూసొని ఈయన నేర్చుకున్నది గిదా అనిపించింది. లండన్‌ల సుత గిసుంటోళ్లే చెవులల్ల ఊదుతుండొచ్చు. సర్టిఫికెట్ బల్ల మీదనే వెట్టి బయటికొచ్చిన.

మా సారు గేటు దాకా ఉరికొచ్చిండు. "పెద్దాయన నారాజైండు బిడ్డా. జర వచ్చి తీసుకో."

"కానీయుండ్రి సార్," అన్న. మా ఊరి దిక్కు పోయే తొగుట బస్సు కదులుతుంటే ఎక్కిన.