నడుము తొక్కిన కాలు

కవచం చదివేటప్పుడు తల మొదలుకొని పాదాల దాకా ఒక్కో అంగం పేరు చెప్పి, అక్కడ చేయి పెట్టి, కాపాడమని దేవుణ్ణి అడుగుతాము. గౌనిపల్లిలో మా భజన గుడిలో చిన్నప్పుడే నాకది నోటికి వచ్చింది. ‘కటి’ అన్నప్పుడు పిల్లలం పక్కలు పట్టుకునేవాళ్ళం. నేర్పే పెద్దాయన మా చేతులు వెనక్కి జరిపేవాడు. “అక్కడ కాదు తల్లీ, వెన్ను దిగేచోట. మనిషి బరువంతా ఆడనే ఉండాది.” ఇంట్లో దాన్నే నడుము అంటాము. కన్నడం వాళ్ళు సొంట అంటారు.

నేను ఎదురుకాళ్ళతో పుట్టినాను. అట్లా పుట్టినవాళ్ళు తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా పక్క నమ్మకం. మల్బరీ ఆకు కోసి కోసి వంగిపోయిన ఆడవాళ్ళు పొద్దు పుట్టకముందే వచ్చి మా వాకిట్లో బోర్లా పడుకునేవాళ్ళు. నేను మూడుసార్లు తొక్కి, మాట్లాడకుండా లోపలికి పోవాల. అది దేవుడు నా కాలికిచ్చిన పని అనుకున్నాను.

పోయినేడు పట్టుపురుగులు ఆకు ఎక్కువగా తినే రోజుల్లో అమ్మకు నడుము నొప్పి వచ్చింది. తల్లి మీద కాలు పెట్టడానికి నేను వెనకాడినాను. పక్కింటి అత్త నవ్వింది. “పుట్టేటప్పుడు దాని ప్రాణం తోడేసినావు గదా, ఇంగ ఇప్పుడన్నా ఉపకారం చెయ్యి మే!”

అమ్మా నవ్వింది. “తొక్కు మే. నీ బరువు నాకు కొత్తా?”

కవచం చదివి మూడు పొద్దులు తొక్కినాను. తొక్కిన ప్రతిసారీ ఆమె కాళ్ళకు మొక్కినాను. మూడోనాడు ఎండుపుల్ల విరిగినట్టు అరికాలికి తెలిసింది. పట్టు వదిలిందనుకున్నాను. సాయంత్రానికి అమ్మ కాళ్ళు చచ్చుబడినాయి.

కోలారులో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించినాడు. “లంబార్ ఎముక, నడుము దగ్గరి వెన్నుపూస. జబ్బు ఎప్పటినుంచో తినేసి గుల్ల చేసింది. దీనిమీద బరువు పడిందా? ఎవరైనా తొక్కినారా?”

నేను నోరు తెరిచేలోపే అమ్మ అనింది, “లేదు సార్. ఆకు మూట ఎత్తినాను.”

అమ్మ అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కటే. ఇంగ ఆమె నడవదని, నడుము నుంచి కిందికి స్పర్శ కూడా తెలియదని డాక్టరు చెప్పినాడు.

నిన్న రాయల్పాడు నుంచి ఒకామె వచ్చి మా వాకిట్లో బోర్లా పడుకునింది.

“లెయ్యక్కా, ఆస్పత్రిలో చూపించుకో,” అన్నాను. “మా అమ్మ నడుము ఈ కాలితోనే విరిగింది.”

ఆ మాట పైకి అనడం అదే మొదలు. లోపల మంచం మీద అమ్మ వినింది. రాయల్పాడు ఆమె వెళ్ళిపోయినాక, “కవచం చదువు మే,” అనింది అమ్మ.

దేవుడు వినలేదని నేననను. కాపాడమని అడిగిన చోటే కాలు పెట్టింది నేను.

తల దగ్గర మొదలుపెట్టి చదివినాను. కటి దగ్గరికి వచ్చేసరికి అరచెయ్యి ఆమె నడుము కిందికి దూర్చి, అట్లనే ఉంచినాను. అమ్మ అడిగింది.

“చెయ్యి పెట్టినావా మే?”

“పెట్టినానమ్మా.”