మునెమ్మ చేతులను దేవుడు వాడుకున్న రోజు

సహోదరులారా, సహోదరీలారా, తాగుడు నుండి, జబ్బుల నుండి ప్రభువు విడిపించినవాళ్ళ సాక్ష్యాలు మీరు ఎన్నో విన్నారు. నన్ను ఆయన విడిపించింది పని నుండి! నవ్వకండి. మంచి పని కూడా మనిషికి సంకెల అవుతుందని నాకు నలభై ఏళ్ళు దాటాకే తెలిసింది, ఆ తెలివి వచ్చేలోగా ఒక బాలింత ప్రాణం పోబోయింది, దేవుడు కనికరించాడు కాబట్టి ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు ముఖం మిగిలింది.

తొంభైల్లో నేను చిత్తూరు వైపు ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో కాన్పుల వార్డుకు హెడ్ సిస్టర్‌ని. మాది పుత్తూరు. నన్ను నర్సు ట్రైనింగుకు పంపే రోజు మా నాయన బస్సు దగ్గర "ఎవురితోనూ మాట పడొద్దు పాపా" అని ఒక్క మాటే చెప్పాడు. ఆ మాటను నేను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, ఎవరైనా తప్పు చేస్తే ఆ నింద నా మీదికి వస్తుందేమోనన్న భయంతో ఏ పనీ ఇంకొకరి చేతికి ఇవ్వలేకపోయాను. నా కింద ఇద్దరు స్టాఫ్ నర్సులు, ముగ్గురు ఆయాలు ఉన్నా సూదులు నేనే వేయాలి, దుప్పట్లు నేనే మడవాలి, ఇంజెక్షన్ల బీరువా తాళం నా నడుముకే ఉండాలి! ఆయాలు తుడవడం, బేసిన్లు కడగడం తప్ప రోగుల సంగతి మాట్లాడకూడదని రూలు పెట్టింది కూడా నేనే.

మధ్యాహ్నం క్యారియర్ విప్పకుండానే సాయంత్రం ఇంటికి తెచ్చిన రోజులు లెక్కలేనన్ని. మా ఆయన "ఆ ఆస్పత్రిని కూడా నెత్తిన పెట్టుకోని రాకపోయినావా, పెరట్లో పెట్టుకుందుము" అని ఎగతాళి చేసేవాడు. తలనొప్పి, బీపీ, కనబడిన ప్రతి మనిషి మీదా చిరాకు. ఒక రోగి పక్కన కూర్చుని ఎలా ఉన్నావమ్మా అని అడిగి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు! ఆదివారం మందిరంలో మాత్రం "ప్రభువా, ఒంటరిగా ఎంత మోస్తున్నానో చూడు, నాకు సహాయం పంపు" అని ఏడ్చేదాన్ని. ఆ ఏడుపులో సగం గొప్పలు చెప్పుకోవడమే, ఆయనకు తెలియదా?

ఒక రోజు ఉదయం కార్వేటినగరం వైపు నుంచి వచ్చిన రేవతి అనే అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. అంతకు ముందు రెండు కడుపులు నిలవలేదు ఆమెకు. అత్తగారు సంతోషం పట్టలేక వార్డంతా కలకండ పంచిపెట్టింది. సరిగ్గా ఆ రోజే సంఘ పెద్దలు ఆసుపత్రి చూడడానికి వస్తున్నారు. క్రిందటిసారి మందిరంలో ఎవరో ప్లాస్టిక్ పూలు పెట్టి నా పరువు తీశారు, కనుక ఈసారి పూలు నేనే సర్దాలని, కొత్తగా చేరిన నర్సు జయశీలకు వార్డు చూస్తూ ఉండమని చెప్పి, కాంపౌండు ఆ చివరన ఉన్న మందిరానికి వెళ్ళాను. దేవుని పనే కదా అనుకున్నాను. తాళం నా నడుముకే ఉంది, సహోదరులారా!

నేను వెళ్ళిన కాసేపటికి వార్డులో జరిగింది తరువాత జయశీల చెబితే తెలిసింది. మంచం కింద తుడుస్తున్న ఆయా మునెమ్మ నా రూలు పక్కనబెట్టి కేకేసింది. "సిస్టరమ్మా, ఈ బాలింత పాపకు పక్కబట్టంతా తడిసిపోతా ఉండాది, వచ్చి సూడు మా!" జయశీల దుప్పటి తీసి చూస్తే నెత్తురు ఆగడం లేదు. డాక్టరమ్మ ఆపరేషన్ మధ్యలో ఉంది. గర్భసంచిని బిగించే ఇంజెక్షన్ బీరువాలో, బీరువాకు తాళం. పాపం, జయశీలకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మునెమ్మే గుడ్డ పడేసి చేతులు కడుక్కుని, రేవతి పొట్ట మీద చెయ్యి పెట్టి, "మెత్తగా ఉండాది మా, నేను రుద్దతా ఉంటా, నువ్వు తాళానికి పరిగెత్తు" అని తరిమింది. పదిహేనేళ్ళుగా డాక్టర్లు నర్సులకు నేర్పుతుంటే ఆ మనిషి నేల తుడుస్తూ అంతా చూసి నేర్చుకుంది, నాకే ఆ సంగతి తెలియదు.

జయశీల చెప్పులు కూడా లేకుండా మందిరంలోకి వచ్చి పడితే, నా నోట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "వార్డు ఎవరికి వదిలిపెట్టి వచ్చినావు?" అని అరిచాను! ఆ పిల్ల "మునెమ్మకు సిస్టర్, రేవతికి నెత్తురు పోతా ఉంది, తాళం" అంది. పూలన్నీ కింద పడేసి పరిగెత్తాను. "ప్రభువా, పూలు సర్దడానికి పదిమంది ఉన్నారు, ఈ తాళం నా ఒక్కదాని దగ్గరే పెట్టుకున్నాను, నా తప్పుకు నన్ను కొట్టు తండ్రీ, ఆ పసిబిడ్డకు తల్లిని లేకుండా చేయవద్దు!" అని దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

వార్డులో మునెమ్మ స్టూలెక్కి రెండు చేతులతో రుద్దుతూనే ఉంది. ఆమె చెబితే అత్తగారు మంచం కాళ్ళ వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేసింది. అది చూసి కూడా నా పాత బుద్ధి పోలేదండీ, "నిన్నెవరు ముట్టుకోమన్నారు?" అన్నాను. మునెమ్మ తల కూడా ఎత్తలేదు.

"తర్వాత తిడుదురు గానీ, ముందు సూది ఎయ్యండి మా."

వేశాను. జయశీల సెలైను పెట్టింది, డాక్టరమ్మ కూడా వచ్చింది. కొంతసేపటికి గర్భసంచి గట్టిపడింది, నెత్తురు ఆగింది, దేవునికే మహిమ! డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ, మొదటి నుండి రుద్దింది ఎవరు, ఆ చేయి లేకపోతే మీ సూది వచ్చేసరికి అంతా అయిపోయి ఉండేది అంది. మునెమ్మ అని నా నోటితోనే చెప్పాను.

గుడ్డల గదిలోకి పోయి మోకాళ్ళూని, "తండ్రీ, నీ రోగుల కంటే నా పేరును ఎక్కువగా చూసుకున్నాను, క్షమించు" అని వెక్కివెక్కి ఏడ్చాను. బయటికి వచ్చి అందరి ముందూ ఆ తాళం జయశీల చేతిలో పెడితే, అది పట్టుకోవడానికి ఆ పిల్ల ఎంత భయపడిందో! నేనే కదా అంత భయపెట్టి ఉంచింది.

కొంతసేపటికి రేవతి కళ్ళు తెరిచింది. ఏం కావాలమ్మా అని వంగి అడిగాను. "నా పొట్ట మీద చెయ్యి పెట్టిన అక్క యాడ? ఆ అక్కను పిలవండి, నాకు బయంగా ఉండాది" అంది. మునెమ్మ అప్పుడు వరండా తుడుస్తోంది. పోయి ఆమె పక్కన కూర్చో అంటే, "పెద్దోళ్ళు వచ్చే టైమయింది, ఇది తుడిచేసి పోతా మా" అంది. నేను ఆ గుడ్డ ఆమె చేతిలో నుండి లాక్కున్నాను. సంఘ పెద్దలు గేటులోకి వచ్చేసరికి, తెల్లచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వరండా తుడుస్తున్న హెడ్ సిస్టర్ వాళ్ళకు కనిపించింది! ఇదేమిటి సిస్టర్ అని సూపరింటెండెంటు గారు తెల్లబోయారు. "రోగి దగ్గర ఉండాల్సిన మనిషిని రోగి దగ్గరికి పంపాను సార్, మిగిలిన పని నేను చేస్తున్నాను" అన్నాను. సిగ్గుతో కాదండీ, ఎన్నో ఏళ్ళ తరువాత వచ్చిన సంతోషంతో అన్నాను.

ఆ మరునాటి నుండి డ్యూటీ మారేటప్పుడు అందరం ఒకచోట నిలబడి, ఎవరి ప్రాణం ఎక్కువ కష్టంలో ఉందో ముందు చెప్పుకుని, ఎవరు ఎవరిని చూడాలో పంచుకునేవాళ్ళం. మొదట ఆయాలు మాట్లాడాలి, అది కొత్త రూలు. నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు, రోగుల పక్కన కూర్చునే తీరిక మాత్రం దొరికింది, బీపీ కూడా దిగింది.

ప్రియులారా, ఒంటరిగా మోస్తున్నాను అని ఏడుస్తున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, నా మాట విని ఆయనను నమ్మండి, మీ చుట్టూ ఉన్నవాళ్ళను ఒక్కసారి కళ్ళు తెరిచి చూడండి. మునెమ్మ మన సంఘంలో మనిషి కూడా కాదు. నేను సహాయం పంపు అని ఆదివారం ఆదివారం దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను, ఆయన పంపిన సహాయాన్ని నేనే నోరు మూయించి నేల తుడవమన్నాను!