యొకొహామా చక్రానికి కొండపల్లి మూత

ఈ ప్రయాణం ఎందుకు మొదలైందో చెప్పాలంటే ముందు మా ఐజాక్ మామయ్య గురించి చెప్పాలి. ఆయన మా అమ్మకు తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు ఓడల ఇంజన్ గదిలో పనిచేశాడు. ఒకసారి ఓడ యొకొహామా రేవులో ఆగినప్పుడు, పాత కార్ల సామాన్లు అమ్మే కొట్లో నాలుగు అల్లాయ్ వీల్స్ చూసి మనసు పారేసుకున్నాడు. పన్నెండు అంగుళాలవి, ఎనిమిదేసి ఆకులు, అద్దంలా మెరిసే అంచులు. కంపెనీ ఇచ్చిన ఇనప చక్రాలు తీసేసి అక్కడి కుర్రకారు తమ చిన్న కార్లకు ముచ్చటగా బిగించుకునే రకం. రెండు నెలల జీతం పోసి కొని, దుప్పట్లలో చుట్టి ఉయ్యూరు తెచ్చాడు. అప్పటికి ఆయనకు కారు లేదు. “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం” అని వీధి వీధంతా నవ్వింది. రెండేళ్ళ తరవాత ఆ చక్రాలకు సరిపోయే చిన్న ఎర్ర కారు వెతికి మరీ కొన్నాడు. నవ్వినవాళ్ళే దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. మా ఇంట్లో ఈ కథ ఎన్నిసార్లు విన్నా నాకు ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.

ఆరేళ్ళ కిందట మామయ్య ఆ కారు నాకిచ్చాడు. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. రోజూ దాంట్లోనే బడికి వెళ్తాను. రెండేళ్ళ కిందట బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆటోను తప్పించబోయి డివైడరుకు రాసుకున్నాను. కుడివైపు ముందు చక్రం మధ్యలో ఉండే అల్యూమినియం క్యాప్ ఎక్కడో ఊడిపడిపోయింది. ఇంటికి వచ్చేదాకా నాకు తెలియనే లేదు. మర్నాడు వెళ్ళి వెతికితే ఆ రద్దీలో దొరుకుతుందా? జపాన్‌లో పాత సామాను అమ్మేవాళ్ళకు మెయిల్ పెడితే, విడిగా ఒక్కటి ఇవ్వం, నాలుగు చక్రాలూ కలిపి కొనండి అన్నారు. అప్పటినుంచీ మామయ్య ఇంటికి వెళ్ళినప్పుడల్లా కారు కుడివైపు గోడకు ఆనేలా పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. నేను గొప్ప తెలివైనదాన్ననుకున్నాను.

ఆయన కూతురు, మా మరదలు స్టెల్లా పెళ్ళి ఈ ఏప్రిల్‌లో గుణదల చర్చిలో కుదిరింది. పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కారులోనే పెళ్ళికూతురిగా చర్చికి వెళ్తానని స్టెల్లా పట్టుబట్టింది. పెళ్ళి సోమవారం అనగా శుక్రవారం సాయంత్రం మామయ్య నన్ను పిలిచాడు. “గోడకు ఆనించి పెడితే నాకు తెలీదనుకున్నావా రూతూ? పన్ను ఊడిన బండిలో నా కూతుర్ని చర్చికి తీసుకెళ్ళను. నాలుగో క్యాప్ పెట్టించు. లేదంటే నాలుగు చక్రాలూ ఊడదీసి ఇనపవి బిగించు. హైదరాబాదులో ఒకాయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు, వీటిని ఇచ్చేస్తాను” అన్నాడు. ఆయన కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది. నా నిర్లక్ష్యం వల్ల ఆ చక్రాలు మా గడప దాటిపోతే ఆ మచ్చ నాకు జీవితాంతం ఉంటుంది. కొత్తది ఇక్కడే పోత పోయించాలి, ఆదివారం కొలిమి వెలిగించరు కాబట్టి నా చేతిలో ఉన్నది ఒక్క శనివారమే.

శనివారం ఉదయం ఆరుంబావుకు ఉయ్యూరులో బయలుదేరాను. నమూనా కోసం ఇంకో చక్రం క్యాప్ ఊడదీసి రుమాల్లో చుట్టుకున్నాను. దాంతో ఆ రోజు మా బండికి రెండు పళ్ళు లేనట్టే. బందరు రోడ్డు మీద కంకిపాడు, పెనమలూరు దాటి, బళ్ళ షెడ్లన్నీ ఉండే ఆటోనగర్‌కు నెమ్మదిగా పోయినా గంట. పొద్దున్నే వస్తే కాలవ మీదుగా చల్లటి గాలి, రోడ్డు ఖాళీ. ఎనిమిది దాటితే కాలేజీ బస్సుల వెనక నిలబడాల్సిందే. ఆటోనగర్‌ను చూసి రమ్మని ఎవరికైనా చెబితే వింతగా చూస్తారు గానీ, పాత కారు ఉన్నవాళ్ళు ఒక్కసారైనా చూసి తీరాలి. ఒక వీధిలో లారీకి అస్థిపంజరం మాత్రమే ఉంటుంది, పక్క వీధికి వెళ్ళేసరికి అదే లారీ పూలూ చిలకలూ వేయించుకుని పెళ్ళికొడుకులా నిలబడి ఉంటుంది.

మా బడి అటెండరు చెప్పిన మస్తాన్ గారి అల్యూమినియం పోత షాపు ఒక సందు చివర ఉంది. అరవై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. క్యాప్ అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. ఎనిమిది రేకుల పువ్వు, చుట్టూ సన్నటి గీత, ఒక రేకు కొసన రాయి తగిలి చిట్లిన చిన్న గంటు. “జపానోడి పని బానే ఉందండీ. మనం కూడా పోత పోయొచ్చు” అన్నారు. దీన్నే ఇసుకలో అచ్చు వేయకూడదా అని అడిగాను. “ఇది పల్చన టీచరు గారూ, వెనకాల గాడి ఉంది. పైకి తీసేటప్పుడు అచ్చు చెదిరిపోద్ది. వెనక నిండుగా ఉండే చెక్క నమూనా కావాలి. గాడి తరవాత లేతు మీద తీసుకుందాం. ఆ నమూనాలు చేసే మా పాట్రన్ ఆయన ఊళ్ళో లేడు, బుధవారం గానీ రాడు.”

“బుధవారానికి పెళ్ళి అయిపోద్దండీ” అన్నాను. ఆయన క్యాప్ తిరిగి నా చేతిలో పెట్టి, “చెక్క చెక్కేవాళ్ళకేం కరువండీ, కొండపల్లి లేదా?” అన్నారు. ఇంత తేలిక సంగతి నాకెందుకు తట్టలేదా అని సిగ్గేసింది.

ఆటోనగర్ నుంచి కొండపల్లి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. బెంజ్ సర్కిల్ దాటి, దుర్గ గుడి ఫ్లైఓవర్ ఎక్కి, భవానీపురం, గొల్లపూడి మీదుగా ఇబ్రహీంపట్నం చేరితే థర్మల్ స్టేషన్ గొట్టాలు కనిపిస్తాయి. అక్కడ కుడికి తిరగాలి. నాకు గంటా పది నిమిషాలు పట్టింది. కారు లేనివాళ్ళకు బస్సులున్నాయి, ఇబ్రహీంపట్నం నుంచి షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. బొమ్మల కాలనీలో ఏ అరుగు మీద చూసినా తెల్ల పొణికి చెక్క ముక్కలు ఆరుతుంటాయి. మొదటి రెండిళ్ళవాళ్ళు కారు సామాను మాకు రాదన్నారు. మూడో ఇంట్లో సూర్యనారాయణ గారు ఏనుగు అంబారీ చెక్కుతూ, తల ఎత్తకుండానే చెయ్యి చాపారు. క్యాప్ పెట్టాను. తిప్పి చూసి, “మధ్యాన్నం లోపు ఇస్తానండీ” అన్నారు.

అప్పుడు నేనొక మాట అన్నాను. ఈ కథంతా ఆ మాట మీదే నడిచింది. “వెంట్రుకవాసి తేడా ఉండకూడదండీ. అచ్చం అలాగే కావాలి” అన్నాను.

ఆయనకు రోషం వచ్చింది. “తేడా వస్తే ఉలి పట్టుకోవడం మానేస్తానమ్మా!” అన్నారు. రెండు గంటలు చెక్కారు. మధ్యలో ఆయన భార్య లక్ష్మి గారు టీ ఇచ్చి, తను రంగులేస్తున్న దశావతారాల సెట్టు చూపించారు. చేతులూ తలలూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారని అప్పుడే తెలిసింది. పదకొండున్నరకు నమూనా నా చేతికొచ్చింది. పక్కపక్కన పెడితే రంగు తప్ప ఏ తేడా లేదు. చిట్లిన రేకు గంటు కూడా దించేశారు! “అది దెబ్బండీ, డిజైను కాదు” అన్నాను. “ఉన్నది ఉన్నట్టు అన్నారు కదమ్మా, ఉన్నది ఉన్నట్టే చేశాను” అన్నారు. నవ్వొచ్చింది. మళ్ళీ చెక్కించే టైము లేదు. ఎనిమిది వందలు ఇచ్చి బయల్దేరాను.

ఒంటిగంటకు మస్తాన్ గారు ఇసుక పెట్టెలో నమూనా అదిమి అచ్చు తీశారు. అరిగిపోయిన లారీ పిస్టన్లు కరిగించి పోశారు. పిస్టన్ల లోహం గట్టిదట, ఎండకూ దెబ్బకూ ఆగుతుందట. చల్లారేలోపు ఎదురు మెస్సులో నూట ఇరవై రూపాయల భోజనం తిన్నాను. గోంగూర బాగుంది గానీ మనసంతా ఇసుక పెట్టెలోనే ఉంది. మూడింటికి కాస్త సానబట్టి క్యాప్‌ను చక్రం దగ్గరకు తెచ్చారు. పెట్టీ పెట్టగానే బిందెలో పడ్డ చిల్లరలా రంధ్రంలో గలగలలాడి, కింద పడింది.

ఆయన కొలత పట్టి చూశారు. మిల్లీమీటరు తక్కువ. “నమూనా పెంచి చెయ్యలేదాండీ?” అన్నారు. “పెంచడమేంటి?” అన్నాను. “చల్లారితే లోహం దగ్గరికొచ్చుద్ది కదండీ! మా పాట్రన్ ఆయన ఎప్పుడూ పెంచే చేస్తాడు. నాకు చెప్పే పనే పడలేదు ఇన్నేళ్ళూ. అదే అలవాట్లో మీకూ చెప్పలేదు.”

వేడికి వ్యాకోచం, చలికి సంకోచం. పదహారేళ్ళుగా తొమ్మిదో తరగతి పిల్లలకు బోర్డు మీద రాస్తున్నాను. రైలు పట్టాల మధ్య సందెందుకు ఉంటుందో చెప్పలేని పిల్లల్ని నిలబెట్టాను కూడా. ఆ క్షణాన నన్ను ఎవరైనా బెంచీ ఎక్కించి ఉంటే కాదనేదాన్ని కాదు. “ఆరున్నర దాకా కొలిమి ఆర్పను. తెస్తారా?” అన్నారు మస్తాన్ గారు. నమూనా, పాత క్యాప్ పట్టుకుని కారెక్కాను. దారంతా మామయ్య మాటలే చెవుల్లో. గొల్లపూడి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు నిజంగా ఏడుపొచ్చింది.

నాలుగుంబావు దాటాక కొండపల్లిలో సూర్యనారాయణ గారు నమూనానూ పాత క్యాపునూ మళ్ళీ కొలిచారు. “నా కొలత తప్పలేదు చూసుకోండి. తప్పింది మీ లోహం” అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. “తప్పు నాదేనండీ, అచ్చం అలాగే అన్నది నేనే” అని ఒప్పేసుకున్నాను. కొత్తది చెక్కడానికి రెండు గంటలు కావాలి. నేను గడియారం చూసుకున్నాను.

లోపల్నుంచి లక్ష్మి గారు వచ్చి నమూనా చేతిలోకి తీసుకున్నారు. “దీనికి కొత్తదెందుకండీ? మక్కు పట్టిస్తే సరిపోద్ది. పిల్లోడి బొమ్మ సన్నగా వస్తే బుగ్గలకు పెట్టమా ఏంటి?” అన్నారు. ఆయన భార్య వంక చూసి, “అదీ నిజమే” అన్నారు. ఆవిడ నున్నటి మక్కు వేలి కొసతో అంచు చుట్టూ పట్టించారు. పల్చటి పూత, కుంపటి దగ్గర ఆరబెట్టడం, మళ్ళీ పూత. నేను మస్తాన్ గారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. “సానకు కూడా కలుపుకుని మిల్లీమీటరున్నర పెంచండమ్మా” అని ఆయన అటునుంచి, “ఇంకో రెండు పూతలు పడతాయన్నా” అని ఈవిడ ఇటునుంచి. ముగ్గురూ పనిలో పడ్డాక నన్ను పట్టించుకున్నవాళ్ళు లేరు. ఆ అరుగు మీద కూర్చుని వాళ్ళ మాటలు వింటుంటే గర్వంగా అనిపించింది. ఇదంతా మా చుట్టుపక్కలే, ఒకరికొకరు ఫోన్ దూరంలో ఉంది. నేనేమో రెండేళ్ళుగా జపాన్‌కు మెయిళ్ళు పెడుతూ కూర్చున్నాను. డబ్బులివ్వబోతే ఆవిడ, “పెళ్ళి ఫొటో పంపండి చాలు. చక్రం కనపడాలి మరి” అన్నారు.

ఆరున్నరకు అయిదు నిమిషాల ముందు ఆటోనగర్ చేరాను. రెండో పోత చల్లారాక పక్క షాపు లేతు మీద గాడి తీసి, అంచు సానబట్టారు. ఏడున్నరకు మస్తాన్ గారు క్యాప్ పెట్టి అరచేత్తో ఒక్కటి చరిచారు. టక్కుమని కూర్చుంది. ఊపినా కదల్లేదు. ఆయన మొదటిసారి నవ్వారు. రెండు పోతలకూ లేతు పనికీ కలిపి తొమ్మిది వందలే తీసుకున్నారు.

సోమవారం పొద్దున మామయ్య సూట్ వేసుకుని కారు చుట్టూ తిరిగాడు. ఒక్కో చక్రం దగ్గరా వంగి క్యాప్ మీద వేలితో రాసి చూశాడు. కుడివైపు ముందు చక్రం దగ్గర ఆగాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి, నమూనాకు తీసుకెళ్ళిన క్యాప్ చూసొచ్చాడు. “రెండిటికీ ఒకేచోట దెబ్బ తగిలిందా?” అన్నాడు. ఉన్నది ఉన్నట్టు మొత్తం చెప్పాను. ఆయన వింటూ మళ్ళీ ఆ గంటు తడిమి, స్టెల్లా పక్కన ఎక్కి కూర్చున్నాడు. గుణదల చర్చి ఆవరణలోకి తిరిగాక పాత అలవాటు కొద్దీ కుడివైపు గోడకు ఆనించబోయాను. వెనకనుంచి మామయ్య నా భుజం తట్టాడు. “అటు కాదు రూతూ. ఆ చక్రం గేటు వైపు పెట్టు. వచ్చేవాళ్ళందరికీ ముందు అదే కనపడాలి” అన్నాడు.

ఆ రోజునుంచీ మా కారు ఎక్కడాగినా కుడివైపే జనానికి చూపిస్తుంది. ఎవరైనా చక్రాలు ఎక్కడివని అడిగితే యొకొహామావి అంటాను, కాస్త ఆగి, నాలుగో క్యాప్ మాత్రం ఇంకా గొప్పచోటిది అంటాను. దూరదేశపు పనితనాన్ని మెచ్చుకోవడం మామయ్య నేర్పాడు, అందులో తప్పేమీ లేదు. కానీ దానికి దీటైన చేతులు గంట దూరంలో ఉన్నాయని తెలియకపోవడం మాత్రం నా తప్పే, అది ఒక్క శనివారంలో తీరింది. ఇక మీలో ఎవరైనా పాత బండి సామానుతో ఈ దారి పడితే నేను చెప్పేది ఒక్కటే: చెక్కేవారినీ పోసేవారినీ పని మొదలుకాకముందే ఫోన్‌లో మాట్లాడించండి, మీరు మాత్రం పొరపాటున కూడా “అచ్చం అలాగే” అనకండి.