కాయను కాయగా చూడాలన్న మేడమ్

మా మేడమ్ పోయారన్న కబురు నాకు కాలేజీ నుంచి రాలేదు. సూళగిరి మామిడి మండీ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "మన టీచరమ్మ లేదప్పా, తెల్లారుజామున పోయింది" అని ఏడ్చాడు. హోసూరులో కంప్యూటర్ పాఠాలు చెప్పిన మనిషి కోసం మామిడి రైతు ఏడ్చాడంటే, ఆవిడ ఏం సంపాదించుకున్నారో మీరే చూడండి.

ఆవిడ సబ్జెక్టు కంప్యూటర్ విజన్. అంటే కెమెరా తీసిన బొమ్మలో ఏముందో కంప్యూటర్ చేత చెప్పించే విద్య. ఫ్యాక్టరీల్లో విడిభాగాల మీద గీతలు పట్టేది, టోల్‌గేటు దగ్గర బండి నంబరు చదివేది అదే. "కెమెరా బొమ్మ మాత్రమే తీస్తుందప్పా, దాంట్లో ఏముందో మనం నేర్పించాల" అనేవారు. అంటూనే కళ్లద్దాలు మరిచిపోయి వచ్చి, నన్ను పక్కవాడి పేరుతో పిలిచేవారు.

మామిడికాయలు ఏరే మిషన్ ఒకటి మా బ్యాచ్ చేత చేయించారు. అది మంచిదన్న కాయకే మంచి ధర, మిగతాదంతా జ్యూసు ఫ్యాక్టరీకి. రైతుల ఏడాది కష్టం దాని మాట మీద ఉంది. సూళగిరి మండీలో రైతుల ముందు కెమెరా పెట్టి చూపిస్తే ఒక్క కాయకు కూడా అది తప్పు చెప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ మాత్రం నీలం టార్పాలిన్ మీదున్న మేలైన కాయ ఒకటి తీసి, పక్కనున్న గోనెసంచి మీద పెట్టారు. తెర మీద "చెడ్డది" అని వచ్చింది.

మండీలో మంచి కాయలు టార్పాలిన్ మీద, దెబ్బతిన్నవి గోనె మీద పోయడం వాడుక. మిషన్‌కు నేర్పడానికి మేం ఫొటోలు అలాగే తీశాం. మిషన్ కాయను వదిలేసి, కిందున్న గోనెను చూసి తీర్పు చెబుతోంది.

"తప్పు నాది. ఫొటోలు ఇట్లనే తియ్యమని చెప్పింది నేనే" అన్నారు మేడమ్ అందరి ముందూ. "దీన్ని నమ్మి ఈ ఏడు కాయలు అమ్మొద్దండి."

ఇప్పుడు నాకు ఫోన్ చేసిన పెద్దాయనే అప్పుడు లేచి, "మళ్లా ఎప్పుడు తెస్తావమ్మా?" అని అడిగాడు.

"కాయను కాయగా చూసేది నేర్చుకున్నంక తెస్తానప్పా."

ఆ సీజనంతా ఎండలో, నీడలో, గడ్డి మీద, అరచేతిలో కాయలు పెట్టి మా చేత ఫొటోలు తీయించారు. మిషన్ వద్దన్న కాయల్ని తానే కోసి మాకు పెట్టి, "దీనికి రుచి యాడ తెలుసు!" అని నవ్వేవారు. మరుసటి ఏడు రైతులే వచ్చి మిషన్‌ను తీసుకుపోయారు. చప్పట్లు మోగుతుండగా తన తప్పు తానే బయటపెట్టిన గురువు దగ్గర చదివానని నాకు గర్వం. ఎవరు అడిగినా ఈ సంగతే ముందు చెబుతాను.

అంత్యక్రియలయ్యాక మండీకి వెళ్లాను. మేడమ్ పోయారని మిషన్ ఆపబోతున్న పనివాణ్ణి పెద్దాయన వారించాడు.

"ఆపొద్దప్పా. ఆయమ్మ చేసిన పని అది. నడవనీ."

బెల్టు మీద కాయలు ఒక్కొక్కటే కెమెరా కిందికి వచ్చి పోతున్నాయి. పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకొని, ఆ కెమెరా ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.