చదరంగం బల్ల పట్టుకుని బొబ్బిలి దాకా

ఈ ప్రయాణం గురించి రాసిపెట్టడానికి కారణం ఒక్కటే. మా వైపు మనిషికి మనిషి ఎదురుగా కూర్చుని చదరంగం ఆడే చోట్లు ఎక్కడున్నాయని నేను అడిగినప్పుడు ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. "ఫోన్లో ఆడుకోవచ్చు కదా" అన్నవాళ్లే ఎక్కువ. లైబ్రరీలో నేను యాత్రల పుస్తకాలు చాలా చదివాను. మంచుకొండల్లో ఏ మలుపు దగ్గర టీ దొరుకుతుందో కూడా వాటిలో ఉంది. శ్రీకాకుళంలో ఉన్నవాడు చదరంగం ఆడాలంటే ఏ బస్సెక్కాలో మాత్రం ఎక్కడా లేదు. నాలాంటి వాడు మరొకడు ఉంటే వాడికి పనికొస్తుందని రాస్తున్నాను.

నేను బట్టల కొట్లో పని చేస్తాను. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగిలింది లైబ్రరీలో చదువుకున్నాను. చదరంగం కూడా అక్కడే, అట్ట ఊడిపోయి దారంతో కుట్టిన పుస్తకంలోంచి నేర్చుకున్నాను. ఆ ఎత్తులు నాతో ఆడి చూసిన మనిషి సింహాచలం మావ. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నాకు చుట్టం కాదు, మా వీధిలో అందరికీ మావే. నీటికాసుల జబ్బు వచ్చి మెల్లమెల్లగా రెండు కళ్లూ పోయాయి. ఇప్పుడు వెలుగు, నీడ తప్ప ఏమీ తెలియవు. చూపు పోయాక కూడా ఆట మానలేదు. వేళ్లతో పావులు తడిమి, బల్లంతా మనసులో పెట్టుకుని ఆడతాడు. ఎదుటివాడు తన ఎత్తు పైకి చెబితే చాలు.

శ్రీకాకుళంలో నాకు తెలిసిన చోటు నాగావళి ఒడ్డున పార్కు. ఆదివారం సాయంత్రం నలుగురైదుగురు రిటైరైనవాళ్లు సిమెంటు బల్లల మీద ఆడతారు. వెలుగుండగా వెళ్లాలి, చీకటి పడితే దోమలు కూర్చోనివ్వవు. అక్కడ బ్యాంకులో పనిచేసి వచ్చిన ఈశ్వరరావు గారు మావతో ఒక ఆట ఆడారు. గెలిచే ఆటలో ఉండి, "సరిసమానం అనుకుందామండీ" అన్నారు. మావ సరేనని లేచాడు. గేటు దాటాక నా భుజం నొక్కాడు.

"ఒరే రమణా, ఆయన ఏనుగు నా ఇంట్లో కూసుంది. సరిసమానం ఏటి? ముష్టి ఏసినట్టు ఏసీసినాడు."

ఇంటికి వచ్చాక తేల్చి చెప్పాడు. నేను తప్ప తనతో సరిగా ఆడే మనిషి లేడు. నేనొక్కణ్ణే అయితే నా ఎత్తులన్నీ తనకి కంఠతా వచ్చేశాయి. ఒకసారి తిరిగి చూద్దాం, సరిగా ఆడే చోటు దొరక్కపోతే బల్ల లైబ్రరీకి ఇచ్చేద్దాం, ఇంక ఆట ఊసే వద్దు అన్నాడు. ఆ బల్ల ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. మడిస్తే పెట్టె అవుతుంది. కొట్లో శని, సోమవారాలకు సెలవు అడిగి శనివారం పొద్దున్నే బయలుదేరాం.

ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి ఆటోలో వెళ్లి ఏడు గంటల తర్వాత వచ్చిన ప్యాసింజరు ఎక్కాం. పొందూరు ఎంతో దూరం లేదు. ఎదురుగా చేపల గంపతో ఒకావిడ కూర్చుంది. మావ ఒళ్లో పెట్టె చూసి అడిగింది.

"ఏటి బాబూ అది? ఆర్మణీ పెట్టా?"

"సదరంగం, అమ్మా."

"డబ్బులెట్టి ఆడతారా?"

"నేదమ్మా. ఉత్తినే."

"ఉత్తినే ఆడ్డానికి రైలెక్కినారా," అని ఆవిడ గంప కాస్త ఇవతలికి జరుపుకుంది, మా మీద నమ్మకం తగ్గినట్టు.

రైల్లో నేను మావకి ఒక సంగతి చెప్పాను. చూపులేని వాళ్ల కోసం పావుల కింద మేకులు, గళ్లలో రంధ్రాలు ఉన్న బల్ల ఉంటుంది. పెద్ద పోటీల్లో వాళ్లు దాన్ని పక్కన పెట్టుకుని తడుముకుంటారు, అసలు ఆట ఇంకో బల్ల మీద నడుస్తుంది. ఇది లైబ్రరీలో చదివి రాసుకున్నాను. మావ అంతా విని అన్నాడు, "బాగానే ఉన్నాది గానీ, అందరూ ఒక పంక్తిలో కూసుని నాకు వేరే ఆకు ఏస్తే నాను తినను. ఆడితే ఒకే బల్ల."

పొందూరులో మావ పాత స్నేహితుడు గవరయ్య ఇంటికి వెళ్లాం. ఆ వీధిలో ఇంకా కొన్ని ఇళ్లలో రాట్నాలు తిరుగుతున్నాయి. ముసలమ్మలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు. దాని గురించి చదివాను, చూడటం ఇదే మొదలు. గవరయ్య అరుగు మీద మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆట మొదలవుతుంది. కొత్తవాళ్లని కూడా కూర్చోబెడతారు. ఒకటి తెలుసుకుని వెళ్లాలి. అక్కడ పాత పద్ధతి. బంటు మొదటిసారి కూడా ఒక్క గడే నడుస్తుంది. రాజు ఆట మొత్తంలో ఒకసారి గుర్రంలా దూకొచ్చు. నేను పుస్తకం ఆట ఆడి మొదటి ఆట పోగొట్టుకున్నాను. నేను కోట కట్టుకునేలోపే గవరయ్య రాజు గెంతి భద్రంగా కూర్చున్నాడు.

మావకి ఆ పద్ధతి చిన్నప్పటిది. కాని ఆయన ఆట మొదలుపెట్టగానే చుట్టూ చేరినవాళ్లు ఊరుకోలేదు.

"సింహాసెలం, నీ ఒంటె పోతాది, సూసుకో."

"అటు కాదు బావా, ఇటు."

"ఆయనకి అగుపడదురా, నువ్వు సెయ్యట్టుకుని సూపించు."

ఒకతను నిజంగానే మావ చెయ్యి పట్టుకుని గుర్రం మీద పెట్టాడు. మావ గెలిచాడు. అందరూ సంతోషించారు. గవరయ్య భార్య పెసరట్లు వేసి పెట్టింది, అవి చాలా బాగున్నాయి. సాయంత్రం స్టేషన్‌కి నడుస్తూ మావ, "గెలిసింది పొందూరు," అన్నాడు. "నన్ను ఆడనిస్తే కదా."

విజయనగరంలో స్టేషన్ దగ్గరే లాడ్జిలో దిగాం. మంచాలు రెండు, ఫ్యాను చప్పుడు ఎక్కువ, నీళ్లకి లోటు లేదు. ఆదివారం పొద్దున ఇడ్లీ తిని, కోట వైపు ఒక కొట్టుపైన మేడ మీద నడిచే చదరంగం తరగతికి వెళ్లాం. శేఖర్ గారు అనే ఆయన నడుపుతున్నారు. పిల్లల తరగతి అయ్యాక పది గంటల నుంచి పెద్దవాళ్లు ఎవరైనా వచ్చి ఆడుకోవచ్చు. గడియారాలు, మంచి పావులు, పంకాలు అన్నీ ఉన్నాయి. ఆట నేర్చుకోవాలనుకునే వాడికి నేను చూసిన వాటిలో ఇదే మేలైన చోటు. నేను అక్కడ రెండు ఆటలు ఆడి ఒకటి గెలిచాను. పుస్తకంలో చదివిన ఎత్తు ఒకటి బల్ల మీద నిజంగా పనిచేయడం అప్పుడే చూశాను.

అక్కడ ఒక నియమం గోడ మీద రాసి ఉంది. ముట్టుకున్న పావునే కదపాలి. శేఖర్ గారు మావని చూసి, "మీకు ఆ నియమం లేదండీ, మీరు ఎన్నిసార్లయినా ముట్టుకోండి," అన్నారు. కావాలంటే రంధ్రాల బల్ల తెప్పిస్తానని కూడా అన్నారు. ఆయన మాటలో మర్యాద తప్ప ఏమీ లేదు. మావే ఒప్పుకోలేదు.

"ఎదుటోడికి ఉన్న రూలే నాకూను. నేకపోతే అది ఆటేటి?"

అలాగే ఆడాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదుటి కుర్రాడు చెప్పే ఎత్తులు వింటూ, బల్ల మొత్తం తలలో మోస్తూ చాలాసేపు ఓడకుండా నెట్టుకొచ్చాడు. తర్వాత ఒక బంటు ఏ గడిలో ఉందో అనుమానం వచ్చింది. తడిమాడు. వేలు ఏనుగుకి తగిలింది. ఏనుగుని కదిపాడు, అది పోయింది. దాంతో ఆటా పోయింది. కుర్రాడు "సారీ అంకుల్" అన్నాడు. మావ అతని భుజం తట్టి మెట్లు దిగాడు.

ఆ మధ్యాహ్నం హోటల్లో ఆయన సరిగా తినలేదు. ముట్టుకోకపోతే తనకి బల్ల కనపడదు. ముట్టుకోనిస్తే అది దయ. ఈ రెండింటికీ మధ్య దారి నాకు పుస్తకాల్లో దొరకలేదు. "ఇంక బొబ్బిలెందుకురా," అన్నాడు మావ. లాడ్జికి రెండో రాత్రి డబ్బు కూడా ముందే ఇచ్చేశానని, బొబ్బిలి నుంచి రాజాం మీదుగా ఇంటికి వెళ్లడమూ సులువేనని చెప్పి ఒప్పించాను.

సోమవారం పొద్దున్నే బొబ్బిలి బస్సెక్కాం. మావ కిటికీ పక్కన కూర్చుని, బస్సు కుదుపుని బట్టి, మలుపుని బట్టి వచ్చే ఊరు పేరు ముందే చెబుతుంటే కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. "ఏ డిపో సార్ మీది?" అని అడిగాడు. ఆ తర్వాత దిగేదాకా ఇద్దరూ డిపోల కబుర్లే.

బొబ్బిలిలో వీణలు చేసే అప్పారావు గారి పనిశాల గురించి మా కొట్టుకి వచ్చే ఒక ఖాతాదారు చెప్పాడు. పనస కర్ర పొట్టు వాసన వీధి మొదట్లోనే తగిలింది. అక్కడ ఆటకి వేళ అంటూ లేదు. వీణకి జిగురుతో అతుకు వేసి బిగించాక అది ఆరేదాకా చేసే పని ఉండదు. ఆ సమయంలో ఆడతారు. అతుకు ఆరగానే ఆట ఎక్కడుంటే అక్కడ ఆపేస్తారు. బల్లని కదలకుండా అటక మీద పెట్టి, మళ్లీ అతుకు పడ్డప్పుడు దించుతారు. కాబట్టి వెళ్లేవాళ్లు అతుకు ఎప్పుడు వేస్తారో కనుక్కుని వెళ్లాలి. మేము వెళ్లేసరికి అప్పుడే ఒకటి బిగించారు. వాళ్ల బల్లకి ఒక పగులు, ఒక ఏనుగు బదులు వీణ తీగ బిగించే బిరడా. మావ తన పెట్టె విప్పాడు.

ఎదురుగా కూర్చున్నది అప్పారావు గారి కోడలు పార్వతి. వీణలకి నునుపు పెట్టే పని ఆమెది. అరచేతుల నిండా కర్ర పొడి. మావ కూర్చోగానే అలవాటు ప్రకారం ఎడమ చెయ్యి పావుల మీద పోనిచ్చాడు.

"ఏటి తాతా, ఏనుగుతో మొదలెడతారా?"

"నేదమ్మా, సూస్తన్నాను. నాకు కళ్లు నేవు."

నేను నియమం గురించి చెప్పబోయాను. ఆమె నన్ను చెప్పనివ్వలేదు.

"మా మావయ్య వీణ కుండ తొలిసినప్పుడు ఎడం సెయ్యి లోపలెట్టి సూస్తాడు, కుడి సేత్తో సెక్కుతాడు. కళ్లతో సూస్తే మందం తెలీదంట. ఇక్కడ అందరికీ అదే లెక్క. ఎడం సెయ్యి సూపు, కుడి సెయ్యి పని. ఎడం సేత్తో ఎంతసేపైనా సూసుకోండి. కుడి సెయ్యి పడితే మాత్రం ఆడాల."

"నీకూనా?"

"నాకూనూ."

మావ ఎడమ చేత్తో పావులన్నీ ఒకసారి తడిమాడు. తర్వాత కుడి చేత్తో రాజు ముందున్న బంటుని రెండు గళ్లు నడిపాడు.

ఆట బాగా సాగింది. నేను పక్కనుండి చూస్తున్నాను, మావదే పైచేయి. నడుమ పార్వతి లేచి అందరికీ టీ తెచ్చింది. మావ గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నాడు. ఒక గుటక వేసి, మంత్రి ఎక్కడుందో చూసుకోవడానికి చెయ్యి చాపాడు. ఎడమ చేతిలో గ్లాసుంది. చాపింది కుడి చెయ్యి.

"కుడి సెయ్యి పడింది తాతా," అంది పార్వతి.

అప్పారావు గారు ఉలి ఆపారు. "పోన్లేవే. పెద్దాయన. టీ గ్లాసు అడ్డొచ్చింది."

"టీ నానే ఇచ్చాను మావయ్యా. ఆట ఆటే. నిన్న నీ కుడి సెయ్యి పడితే నాను వొగ్గీనానా?"

మావ గ్లాసు కింద పెట్టాడు. మంత్రి ఎటు కదిలినా పోతుంది. ఆయనకి ఆ సంగతి నాకన్నా ముందే తెలుసు. కదిపాడు. పార్వతి గుర్రంతో దాన్ని కొట్టి, "మీ మంత్రి పోయింది," అని పైకి చెప్పి, చనిపోయిన పావుని ఆయన ఎడమ చేతిలో పెట్టింది. మరికొన్ని ఎత్తుల్లో ఆటకట్టు.

మావ మంత్రిని వేళ్ల మధ్య తిప్పుతూ ఉన్నాడు. "ఎన్నాళ్లయిందిరా రమణా, నన్ను ఇలా కొట్టి," అన్నాడు. తర్వాత పార్వతితో, "ఇంకోటి ఎయ్యి. ఈసారి టీ ఒద్దు," అన్నాడు.

ఎండ తిరిగేదాకా రెండో ఆట సాగింది. ఎవరి ఆట బాగుందో నాకు అంతుపట్టలేదు. అప్పారావు గారు అతుకు మీద గోరు నొక్కి చూసి, "ఆరిపోనాది," అన్నారు. పార్వతి వెంటనే చేతులు దులుపుకుని లేచింది.

సాయంత్రం రాజాం బస్సు దొరికింది. రాజాంలో మారి శ్రీకాకుళం బస్సెక్కి కూర్చున్నాక చూశాను. మావ ఒళ్లు ఖాళీగా ఉంది.

"మావా, పెట్టె ఏది? మరిసిపోనావా?"

"అక్కడే ఉన్నాది. ఆట మద్దిలో ఉంది, ఎలా మూసీమంటావు? అటక మీద ఎట్టించీసినాను." నా వైపు తిరిగాడు. "మళ్లీ అతుకు శుక్రారం ఏస్తారంట. బొబ్బిలికి మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కో."

మొత్తం మీద నా అభిప్రాయం ఇది. సాయంత్రం కాలక్షేపానికి శ్రీకాకుళం పార్కు, కబుర్లకీ పాత ఆటకీ పొందూరు, నేర్చుకోవడానికి విజయనగరం మేడ. ఓడిపోవాలంటే బొబ్బిలి వెళ్లాలి.

మాకు చోటిచ్చిన వాళ్లకి కృతజ్ఞతలు చెప్పాలి. బల్ల దగ్గర జరిగి కూర్చున్న ఈశ్వరరావు గారికి, గవరయ్యకి, పెసరట్లకి ఆయన భార్య నరసమ్మ గారికి, రూపాయి తీసుకోకుండా గంటల తరబడి ఆడనిచ్చిన శేఖర్ గారికి, అతుకు ఆరిందో లేదో చూడటం కావాలనే కొంత ఆలస్యం చేశారని నేను అనుకుంటున్న అప్పారావు గారికి. మంత్రిని ఊరికే వదిలిపెట్టనందుకు పార్వతికి.